పరిమిత గృహప్రవేశం

మా ఎండీ ప్రద్యుమ్న గారు సన్నబడ్డారు. మా కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

ఒక మనిషి సన్నబడితే పక్కవాడికి వచ్చే నష్టం ఏమీ ఉండదు. దర్జీకి కాస్త పని తగులుతుంది, అంతే. కానీ మా ప్రద్యుమ్న గారు తానొక్కరే బాగుపడి ఊరుకునే రకం కాదు. ఆ మధ్య ఆయనకు మెడ పట్టేస్తే, అది తగ్గేదాకా సంస్థ మొత్తం పొద్దున్నే వరండాలో నిలబడి మెడలు తిప్పింది. ఆయనకు తగ్గింది. మాలో చాలామందికి పట్టేసింది.

మాది మిరప శీతల గిడ్డంగుల సమాఖ్య. గుంటూరు పొలిమేరలో ఉంటుంది. రైతులు తెచ్చిన మిరపకాయలను చలిగదుల్లో దాచిపెట్టి, రేటు వచ్చినప్పుడు తిరిగి ఇవ్వడం మా పని. నేను సూపరింటెండెంటుని, పేరు పానకాలరావు. నా ఆకారం గురించి చెప్పాలంటే, నేను గుమ్మంలో నిలబడితే గదిలో లైటు వేసుకుంటారు. మా ఆఫీసులో దాదాపు అందరమూ ఆ కోవకు చెందినవాళ్ళమే.

ప్రద్యుమ్న గారు క్వార్టర్స్‌లో ఒక్కరే ఉంటారు. భార్య ఉద్యోగం ఢిల్లీలో. వంటమనిషి చెప్పకుండా మానేసిన రోజుల్లో ఆయనకు డబ్బా భోజనం అలవాటైంది. ఎవరో వండి, కొలిచి, డబ్బాలో పెట్టి గడ్డకట్టిస్తారు. మనం మైక్రోవేవ్‌లో వేడిచేసుకుని తినడమే. డబ్బా మూత మీద 'ఒకరికి సంపూర్ణ భోజనం' అని అచ్చు వేసి ఉంటుంది. గిన్నెలో ఇంకా ఉందనో, రుచిగా ఉందనో మరో ముద్ద తినే వీలు లేదు. కొన్నాళ్ళకు ఆయన బెల్టుకు కొత్త చిల్లులు పొడిపించుకోవలసి వచ్చింది. ఆ చిల్లులు చూపించడానికే మమ్మల్నందర్నీ మీటింగుకి పిలిచారు.

"మన ప్రజలకు తిండి సమస్య లేదు, కొలత సమస్య ఉంది," అన్నారు బెల్టు పట్టుకుని. "మిరపకాయ బస్తాకు తూకం ఉన్నది. ఆ బస్తాను రాసుకునే ఉద్యోగికి తూకం లేదు. ఇది పరిపాలనాపరమైన లోపం. దీన్ని సరిదిద్దుదాం."

మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఉద్యోగుల దేహభారము సంస్థకు భారముగా పరిణమించుచున్నందున, ఇకపై మధ్యాహ్న భోజనమును డబ్బా రూపముననే స్వీకరించవలెను. ఇండ్ల నుండి తెచ్చు క్యారియర్లు గేటు వద్ద నిలుపబడును."

సీజన్ అయిపోయి ఖాళీగా ఉన్న చలిగదిలో డబ్బాలు దించారు. టీ పాలకు కూడా కొలత ఉండాలని, మనిషికొక పాలబిళ్ళ చొప్పున పాలను గడ్డకట్టించారు. ఆ గదిలో ఏళ్ళ తరబడి మిరపకాయలే ఉన్నాయి. అందుచేత మా కొర్రల కిచిడీ తింటే ముక్కు కారేది, టీ తాగితే పొలమారేది. ఇంత జరిగాక ఎవరో ఒకరు బాధ్యత వహించాలి కాబట్టి, నన్ను పరిమాణ నియంత్రణాధికారిగా నియమించారు. సిబ్బందిలో పరిమాణం ఎక్కువగా ఉన్నది నాకే కావడం అందుకు ప్రధాన అర్హత.

మా ఆఫీసులో భోజనాలకు ఒక పద్ధతి ఉండేది. టేబుళ్ళన్నీ కలిపేసి, క్యారియర్లు మధ్యలో పెట్టేసి, ఎవరిది ఎవరు తింటున్నారో తెలియకుండా తినేవాళ్ళం. సీనియర్ అసిస్టెంటు నాంచారమ్మ గారి గోంగూర కోసం పై అంతస్తు వాళ్ళు మెట్లు దిగి వచ్చేవారు. ఇప్పుడు ఆ టేబుళ్ళను విడదీసి, ఎవరి డబ్బా ముందు వాళ్ళను కూర్చోబెట్టాను. అందరూ నాలుగు ముద్దల్లో డబ్బా ఖాళీ చేశారు. బాగానే ఉందన్నారు. కానీ ఒక్కరూ లేవలేదు.

గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. కుడిచేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నారు. చేతులు ఎండిపోయాయి. బయట రైతులు కిటికీలోంచి తొంగి చూసి, లోపల ఏదో ప్రమాణ స్వీకారం జరుగుతోందనుకుని వెనక్కి తగ్గారు. నేను కూడా చెయ్యి గాల్లో పెట్టుకునే ఉన్నాను. ఎందుకని అడిగితే అప్పటికప్పుడు నాకూ తెలియదు.

ప్రద్యుమ్న గారు వచ్చారు. "భోజన విరామం ముగిసింది కదా, ఇదేమిటి?"

"ముగిసింది సార్," అన్నాను.

"మరి చేతులు ఎందుకు కడుక్కోలేదు?"

అందరూ నాంచారమ్మ గారి వైపు చూశారు. ఆవిడ మొహమాటపడుతూనే చెప్పింది. "పెరుగన్నం ఇంకా రాలేదు గదండీ."

"డబ్బాలో పెరుగన్నం ఉండదమ్మా. డబ్బా సంపూర్ణ భోజనం."

"అది టిఫినండీ. బానే ఉంది. అన్నం ఎప్పుడు పెడతారా అని చూస్తన్నాం."

ప్రద్యుమ్న గారు మొండి మనిషి కారు. సమస్యను అధ్యయనం చేస్తారు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. పెరుగుతో ముగియనిది ఈ ప్రాంతంలో భోజనంగా పరిగణింపబడదని తేల్చి, పెరుగన్నం డబ్బా మంజూరు చేశారు. పప్పు లేకుండా నేరుగా పెరుగులోకి ఎట్టా దిగుతామని అటెండరు మస్తాన్‌వలి ఒక వినతి సమర్పించాడు. పప్పు డబ్బా వచ్చింది. పప్పు వచ్చాక కూర, పులుసు, చారు తమ తమ న్యాయమైన వాటా అడిగాయి. ప్రతిదానికీ ఒక డబ్బా, ప్రతి డబ్బా మీదా 'ఒకరికి సంపూర్ణ భోజనం'. అట్లా మా సిబ్బంది రోజూ మధ్యాహ్నం పూట వరసగా అరడజను సంపూర్ణ భోజనాలు చేయడం మొదలుపెట్టారు. నేను ఒక్కొక్క డబ్బానూ పరిశీలించి, పరిమాణం మించలేదని ధ్రువీకరించేవాణ్ణి.

గేటు దగ్గర తూకం మిషను పెట్టారు. అది లారీ తూకం మిషనే. మా మిరప సంస్థలో ఇంకో రకం లేదు. అందులో మమ్మల్ని విడివిడిగా తూచడం కుదరదు, సెక్షన్ల వారీగా ఎక్కించేవారు. అన్ని సెక్షన్లూ బరువు పెరిగాయి.

"డబ్బా తప్పు చేయదు," అన్నారు ప్రద్యుమ్న గారు. "దాని కొలత దాని మీదే రాసి ఉంది. కనుక తప్పు డబ్బాకు వెలుపల జరుగుతున్నది. పానకాలరావు గారూ, విచారించండి."

విచారించాను. మా ఇంట్లోనే మొదలుపెట్టాను. మా ఆవిడ ఎదురుగా కూర్చుని, "డబ్బాలు తిని మొకం ఎట్టా పీక్కుపోయిందో చూడు," అంటూ రెండోసారి, మూడోసారి వడ్డించింది. పీక్కుపోయిన మొహం కోసం అద్దంలో వెతికాను, కనబడలేదు. కానీ వడ్డించినప్పుడల్లా తిన్నాను. మర్నాడు నా నివేదికలో, దేహభార వృద్ధికి ప్రధాన కారణము 'మారు' అని రాశాను.

దాంతో మారు వడ్డన మీద నిషేధం వచ్చింది. 'ఇంకొంచెం' అనే మాట దుష్ప్రవర్తన కిందికి వచ్చింది. 'నా మీద ఒట్టు' అని వడ్డించడం విధి నిర్వహణకు ఆటంకం కలిగించడమైంది. ఆకలి లేకుండా ఎదుటివాళ్ళ కోసం తినేదానికి 'మొహమాట భారము' అని పేరు పెట్టి, దాన్ని నివారించేందుకు వద్దనుటపై శిక్షణా శిబిరం ఏర్పాటు చేశారు.

శిబిరాన్ని ప్రద్యుమ్న గారే ప్రారంభించారు. టేబుల్ మీద అరిటాకు వేయించి, దాని ముందు కూర్చుని, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి చూపించారు.

"నిరాకరించునపుడు అరచేయి విస్తరికి సమాంతరముగా ఉండవలెను. అయిదు వేళ్ళూ దగ్గరగా మూసి ఉంచవలెను. వేళ్ళ నడుమ సందు ఉండరాదు. సందు ఉన్నచో అది నిరాకరణ కానేరదు, అంగీకారమే. అందరూ గమనించవలెను."

వడ్డించే పాత్ర మస్తాన్‌వలికి ఇచ్చారు. ఖాళీ గిన్నె, ఖాళీ గరిటె. ముందుగా అకౌంట్స్ ఆఫీసరు కూర్చున్నారు.

"ఒక్క గరిటె, సార్," అన్నాడు మస్తాన్‌వలి.

"వద్దు."

"మీకోసమే చేయించా, సార్."

"వద్దయ్యా, కడుపు నిండింది."

"అయితే మా ఇంటికి వచ్చింది ఎందుకు, సార్? మీరు తినకపోతే నేను కూడా తినను."

అకౌంట్స్ ఆఫీసరు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "సరే, కొంచెం వెయ్యి," అన్నారు. ఖాళీ గరిటె ఆకు మీద వంగింది. ఆయన అందులో తప్పారు. ఆ తరువాత కూర్చున్నవాళ్ళందరమూ తప్పాం. నా వేళ్ళు మూసుకోమంటే మూసుకోలేదు. చిన్నప్పటి నుంచీ 'వద్దు వద్దు' అంటూ గరిటె పట్టేంత సందు వదలడానికి అలవాటు పడ్డ వేళ్ళు అవి.

అట్లా మేం ఏకగ్రీవంగా ఫెయిలైన వారంలోనే నాంచారమ్మ గారు శుభలేఖ పట్టుకుని నా గదికి వచ్చింది.

"అన్నయ్య గారూ, ఇల్లు అయిపోయింది. గృహప్రవేశం. ఆఫీసు మొత్తం రావాల."

ఈ మాట కోసం ఆవిడ ఎన్నాళ్ళు ఎదురు చూసిందో మాకందరికీ తెలుసు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అద్దె ఇళ్ళే. ఇంటావిడ మంచిది దొరికితే నీళ్ళు ఉండవు, నీళ్ళు ఉంటే ఇంటావిడ ఊరుకోదు. చుట్టం వచ్చి రెండో రోజు ఉంటే, ఇంకా ఎన్నాళ్ళని గోడ మీంచి అడిగేది. మా పెళ్ళిళ్ళకూ, పిల్లల పుట్టినరోజులకూ నాంచారమ్మ గారు ముందు వచ్చి, కొంగు దోపుకుని బంతుల్లో వడ్డించేది. తన ఇంట్లో మాత్రం ఎవరికీ ఒక ఆకు వేయలేకపోయింది.

"ముద్దపప్పు, గుత్తొంకాయ, గోంగూర, మజ్జిగపులుసు," అంది కూర్చోకుండానే. "పెరుగు గడ్డ పెరుగు. అందర్నీ నా చేత్తో కూర్చోబెట్టి పెట్టాల. ఎండీ గారికి మీరు చెప్పండి, అన్నయ్య గారూ. నాకు ఇంకేం వద్దు."

పరిమాణ నియంత్రణాధికారి ఇట్లాంటివాటికి సిఫారసు రాయకూడదు గాని, రాశాను. ఫైలు పైకి పంపాను. ప్రద్యుమ్న గారు ఎంతో సానుకూలంగా స్పందించారు. అంతకంటే తిరస్కరించి ఉంటే బాగుండేది.

"ఉద్యోగిని గృహప్రవేశమునకు అనుమతించడమైనది. దీనిని రాష్ట్రమునకే ఆదర్శముగా, 'పరిమిత గృహప్రవేశము'గా నిర్వహించవలెను. హాజరగు సిబ్బందికి డబ్బాలను సంస్థ వ్యాను ద్వారా సరఫరా చేయడమగును. ఇక పాలు పొంగించు అంశము. పొంగుట అనగా పాత్ర సామర్థ్యమును మించి పదార్థము వెలుపలికి వచ్చుట. ఇది పరిమాణ నియంత్రణ మూలసూత్రమునకే విరుద్ధము. కావున ఒక్క పాలబిళ్ళను మాత్రమే వినియోగించి, పొంగకుండ కాచవలెను."

చదివి వినిపించాను. నాంచారమ్మ గారు శుభలేఖ అంచు నలిపింది.

"కొత్తింట్లో పాలు పొంగకపోతే ఎట్టాగండీ?" అంది. "ఆ ఇంట్లో ఇంకేం పొంగుద్ది?"

గృహప్రవేశం రోజు ఇంటి ముందు ఒక పక్క మామిడాకుల తోరణం, ఇంకో పక్క మా సంస్థ బ్యానరు. రెండు గదులూ, చిన్న వసారా, పెరట్లో కరివేపాకు మొక్క. నాంచారమ్మ గారు ప్రతి గోడనూ చేత్తో తాకి చూపిస్తోంది. చుట్టాల కోసం ఆవిడ తమ్ముడు పెరట్లో వంట చేయిస్తున్నాడు. గుత్తొంకాయ వాసన వీధి మలుపు దాకా వచ్చి మమ్మల్ని ఎదుర్కొంది. మేం దాన్ని పట్టించుకోనట్టు నటిస్తూ లోపలికి వచ్చాం. వ్యానులోంచి మైక్రోవేవ్, డబ్బాలు, పాలబిళ్ళల పెట్టె దిగాయి.

ముహూర్తం దగ్గర పడింది. పురోహితుడు పొయ్యి వెలిగించమన్నారు. నాంచారమ్మ గారు కొత్త ఇత్తడి గిన్నె పెట్టింది. మంచి పెద్ద గిన్నె. ప్రద్యుమ్న గారు అందులో ఒక పాలబిళ్ళ వేశారు. అది గిన్నె అడుగున టంగుమని మోగి, కరిగి, ఒక మూల మడుగు కట్టింది.

"ఇదేందండీ?" అన్నారు పురోహితుడు.

"పరిమితం," అన్నారు ప్రద్యుమ్న గారు.

"ఇది పొంగదు బాబూ, మాడుద్ది. అవతల ముహూర్తం దాటిపోతంది."

"పొంగినట్లుగా భావించవలెను," అన్నారు ప్రద్యుమ్న గారు నెమ్మదిగా, నచ్చజెప్పే ధోరణిలో. "ప్రభుత్వ వ్యవహారాల్లో సగం పనులు అట్లాగే పూర్తవుతాయి. పానకాలరావు గారూ, ధ్రువీకరించండి."

నేను నాంచారమ్మ గారి మొహం చూశాను. ఆవిడ ఏడవడం లేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాణ్ణి. తప్పు తనదే అన్నట్టు గిన్నెలోకి చూస్తూ నిలబడింది. నాకు మంట పుట్టింది. ఇన్నాళ్ళూ నేను ధ్రువీకరించిన డబ్బాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"సార్," అన్నాను. "నాకు రోజుకొక పాలబిళ్ళ మంజూరైంది కదండీ?"

"అయింది. నిబంధన ప్రకారం."

"దాన్ని నేను టీలో వేసుకోవాలనే షరతు ఏమీ లేదు కదండీ?"

ఆయన ఆలోచించారు. "షరతు లేదు."

నేను పెట్టె తెరిచి, నా బిళ్ళ తీసుకుని గిన్నెలో వేశాను. తరువాత మస్తాన్‌వలి వేశాడు. అకౌంట్స్ ఆఫీసరు వేశారు. మా సెక్షన్లన్నీ క్యూ కట్టాయి. పాలబిళ్ళలు టపటపా పడుతున్నాయి, గిన్నె నిండిపోయింది. ప్రద్యుమ్న గారు ప్రతి చేతినీ పరీక్షగా చూశారు. ప్రతి చేతిలోనూ ఒక్కటే బిళ్ళ. ఎవరూ పరిమాణం మించలేదు, అందరమూ కలిసి మించాం. దానికి నిబంధన ఏదీ లేదు.

పాలు పొంగాయి. ఎంత పొంగాయంటే, గిన్నె దాటి, పొయ్యి దాటి, గట్టు మీదుగా పారి పురోహితుడి పట్టుపంచె అంచును తడిపాయి. నాంచారమ్మ గారు రెండు చేతులూ జోడించి, "పొంగినయ్యండీ, పొంగినయ్," అంటూ చిన్నపిల్లలా నవ్వేసింది. మిరపకాయల చలిగదిలో గడ్డకట్టిన పాలు కాబట్టి ఘాటు గుప్పున లేచింది. పురోహితుడు తుమ్మారు. శుభమా అంటూ తుమ్మేమిటని ఆడవాళ్ళు కంగారు పడేలోపల అందరమూ తుమ్మాం. ఒక్క తుమ్మయితేనే అపశకునం, ఇన్ని తుమ్ములకు దోషం లేదని పురోహితుడు ముక్కు తుడుచుకుంటూ తేల్చారు.

తరువాత బంతులు. చుట్టాలు ఒక వరస, మేము ఎదురు వరస. అందరికీ అరిటాకులు వేశారు. మా ఆకుల మీద డబ్బాలు పెట్టారు. వేడిచేయడానికి మైక్రోవేవ్ పెట్టి స్విచ్ వేయగానే టప్పుమని ఫ్యూజు పోయింది. కొత్త ఇల్లు, తాత్కాలిక కరెంటు, ఆ మిషను బరువును అది మోయలేకపోయింది. డబ్బాలు ఇటుకల్లా ఉన్నాయి.

"కరిగేవరకు వేచియుండవలెను," అన్నారు ప్రద్యుమ్న గారు. ఆయన ముందు కూడా ఒక ఇటుక ఉంది.

వేచియున్నాం. ఎదురు వరసలో ముద్దపప్పులో నెయ్యి పోస్తున్నారు. గోంగూర వచ్చింది, గుత్తొంకాయ వచ్చింది. నేను డబ్బాను వేలితో పొడిచి చూశాను, వేలు నొప్పి పుట్టింది.

నాంచారమ్మ గారు పప్పుగిన్నె చంకన పెట్టుకుని మా వరస ముందుకు వచ్చి నిలబడింది. ఈసారి ఆవిడ కళ్ళలో నీళ్ళు ఉన్నాయి.

"సార్, మీ రూలు మీకుంటది. కానీ నా ఇంట్లో ఆకు ముందు కూర్చున్న మనిషి ఆకలితో లేస్తే, ఈ ఇల్లు నాకెందుకండీ?"

నేను లేచాను. ఆకు ముందు నుంచి నేను లేవడం ఒక పెద్ద పని, అయినా లేచాను.

"సార్, డబ్బాలు తిన్నట్లుగా భావించవలెను," అన్నాను.

"అదెట్లా?"

"పాలు పొంగినట్లుగా తమరు భావించమన్నారు కదండీ. అదే పద్ధతిలో. ధ్రువీకరించడానికి నేను సిద్ధం."

ఆయన డబ్బా వైపు చూశారు. తరువాత పప్పుగిన్నె వైపు చూశారు. "పూర్వం జరిగిన ఉదాహరణ ఉన్నందున, పరిశీలించవచ్చు..." అని మొదలుపెట్టారు. ఆ వాక్యం పూర్తికాకముందే ఆకుల మీద డబ్బాలు మాయమై పప్పు పడింది.

ఆ భోజనం గురించి నేను చెప్పలేను. ఇప్పటికీ నోట్లో నీళ్ళూరుతాయి. నాంచారమ్మ గారు గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి గదిలోకి పరిగెడుతూ ఒక్కొక్కరి పేరూ పెట్టి అడిగి వడ్డించింది. నిషేధించిన మాటలన్నీ ఆ ఇంట్లో గోలగోలగా తిరిగి వచ్చాయి. ప్రద్యుమ్న గారు మాత్రం తల వంచుకుని తిన్నారు. ఆయనకు ఎదురుగా నిలబడి వడ్డించిన మనిషి ఈ మధ్య ఎవరూ లేరని అప్పుడు అర్థమైంది. నాకు ఆయన మీద ఉన్న కోపం సగం పోయింది. మిగతా సగం గుత్తొంకాయ తిన్నాక పోయింది.

పెరుగు మా వరస చివరి నుంచి వస్తోంది. తొందర పని ఉన్న ఇద్దరు ముగ్గురు లేచి చేతులు కడుక్కున్నారు. ప్రద్యుమ్న గారు కదల్లేదు. కుడిచెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చున్నారు.

"సార్, చెయ్యి కడుక్కోలేదేం?" అన్నాను.

"పెరుగు ఇంకా రాలేదు కదండీ," అన్నారు.

నాంచారమ్మ గారు పరుగున వచ్చి అన్నం పెట్టి, గడ్డ పెరుగు వేసింది. ఆయన తిన్నారు. ఆవిడ మళ్ళీ గరిటె ముంచింది.

"ఇంకొంచెం, సార్. నా మీద ఒట్టు."

"వద్దమ్మా. చాలు, చాలు, నిజంగానే వద్దు," అంటూ ప్రద్యుమ్న గారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

పరిమాణ నియంత్రణాధికారిగా అది నా ఆఖరి తనిఖీ. పక్క ఆకు నుంచి వంగి చూశాను. అరచెయ్యి విస్తరికి సమాంతరంగానే ఉంది. వేళ్ళు మాత్రం బాగా ఎడంగా ఉన్నాయి.